క్యూ లేచింది సరే, మెసేజులేవి?

మైపాడు దగ్గర మా మేనమామకి రెండు రొయ్యల గుంటలున్నాయి. వనామీ సాగు. పోయిన ఏడాది సెలవుల్లో ఆ గట్టు మీద నేనొక పెట్టె పెట్టాను. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు రెండు, గుంటకొక ఈఎస్‌పీ32 బోర్డు, షెడ్డులో ఒక రాస్ప్‌బెర్రీ పై, దాని లోపల ర్యాబిట్‌ఎమ్‌క్యూ. ఆక్సిజన్ 4 పీపీఎమ్ కిందికి పడితే మామ ఫోనుకి ఎస్సెమ్మెస్ పోవాలి. ప్రాజెక్టు అంతే. చెప్పుకోడానికి రెండు లైన్లు.

రొయ్యల సంగతి తెలియనివాళ్లకి ఒక్క మాట. గుంట నీళ్లలో కంటికి కనపడని పచ్చటి పాచి ఉంటుంది. పగలు ఎండకి అది ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పాచి రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. ఆ టైములో ఏరియేటర్లు తిరగాల్సిందే. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి. అది కూడా మొరాయిస్తే మూడు నెలల పంట కొన్ని గంటల్లో తేలిపోతుంది, నిజంగానే, నీళ్ల మీద.

మన జిల్లాకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నవంబర్లో ఒక రాత్రి వాయుగుండం పట్టింది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. అలా ఏడెనిమిది సార్లు. సెల్ టవర్ కూడా పడుకుంది. పొద్దున్నే నేను గుంట దగ్గరికి పోయేసరికి పై మీద ఎర్ర లైటు వెలుగుతోంది గానీ ర్యాబిట్‌ఎమ్‌క్యూ మాత్రం లేవనంటోంది.

ఇక్కడి నుంచి నేను చేసిన తప్పులు వరసగా చెప్తాను. మీలో చాలామంది రేపు ఉద్యోగాల్లో ఇవే క్యూల ముందు కూర్చుంటారు. అక్కడ గుంటలో రొయ్యల బదులు ఎవరి జీతమో, ఎవరి టికెట్టో ఉంటుంది.

మెసేజ్ క్యూ అంటే తెలియనివాళ్లు పోస్టాఫీసు అనుకోండి. పంపేవాడూ అందుకునేవాడూ ఒకే సమయంలో మేలుకుని ఉండక్కర్లేదు. పంపేవాడు ఉత్తరం ఇచ్చి పోతాడు, అందుకునేవాడు వీలైనప్పుడు తీసుకుంటాడు, మధ్యలో ఉన్నవాడు దాచిపెడతాడు. ఆ మధ్యవాణ్ణే బ్రోకర్ అంటాం. ఐబీఎమ్ వాళ్ల ఎమ్‌క్యూ సిరీస్ 1993లో వచ్చింది, ఇప్పటికీ బ్యాంకుల్లో దాని వారసుడు నడుస్తున్నాడు. ర్యాబిట్‌ఎమ్‌క్యూ 2007ది. ఇంతకంటే చరిత్ర ఈ వ్యాసానికి అక్కర్లేదు.

సరే, ఆ పొద్దున. లాగ్ తెరిస్తే ఎర్లాంగ్ ఇచ్చిన పొడుగాటి ఎర్రర్. ర్యాబిట్‌ఎమ్‌క్యూని రాసింది ఎర్లాంగ్ భాషలో. ఎరిక్‌సన్ కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం 1980ల్లో పుట్టించిన భాష అది. ఎర్రర్ మెసేజులు కూడా టెలిఫోన్ డైరెక్టరీ లాగే ఉంటాయి. అందులో నాలుగు పదాలు కాపీ చేసి నెట్‌లో వెతికాను. మొదటి జవాబు: మ్నీసియా ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ స్టార్ట్ చెయ్యి. చేశాను. పది సెకన్లలో లేచింది. పచ్చ లైటు. నాకైతే ఐపీఎల్ కప్పు కొట్టినంత సంతోషం.

మామ టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. 

"రాత్రి ఎన్నింటికి పడిందిరా అబ్బయా ఆక్సిజను? ఎంతసేపు తక్కువలో ఉండాదో తెలిస్తే ఇయ్యాల మేత ఆపాలా, సగం ఎయ్యాలా చూసుకుంటా."

రీడింగులు క్లౌడ్‌లో డేటాబేస్‌కి పోవాలి. రాత్రి నెట్ లేదు, కాబట్టి అన్నీ క్యూలోనే ఆగి ఉన్నాయి. క్యూ దాచుకునేది ఆ ఫోల్డర్లోనే. నేను డిలీట్ చేసింది ఆ ఫోల్డర్నే. మామ అడిగిన దానికి జవాబు పొద్దున ఆరింటిదాకా ఆ కార్డు మీద ఉంది. ఆరుంపావుకి లేదు.

"తెలీదు మామా" అన్నాను. ఆయన ఏమీ అనలా. మేత సగం వేయించాడు, అంచనా మీద.

ఇంటికొచ్చాక ర్యాబిట్‌ఎమ్‌క్యూ డాక్యుమెంటేషన్ మొదటి నుంచి చదివాను. ఇంటర్ ఎంసెట్‌కి కూడా అంత శ్రద్ధగా చదవలేదు. అప్పుడు తేలిన సంగతి ఏందంటే, ఫోల్డర్ డిలీట్ చెయ్యకపోయినా ఒక గుంట రీడింగులు దొరికేవి కావు. ఎందుకో చెప్పాలంటే "మెసేజ్ భద్రం" అనే మాటలో ఎన్ని పొరలున్నాయో చూడాలి.

క్యూని డ్యూరబుల్ అని ప్రకటిస్తే బ్రోకర్ రీస్టార్ట్ అయినా క్యూ ఉంటుంది. నేను ఇక్కడే ఆగిపోయాను, డ్యూరబుల్ అన్నాం కదా అని. కానీ అది గాదె గురించిన హామీ, లోపలి ధాన్యం గురించి కాదు. ప్రతి మెసేజ్ విడిగా పర్సిస్టెంట్ అయి ఉండాలి, అప్పుడే డిస్క్ మీద నిలుస్తుంది. లేకపోతే రీస్టార్ట్ అయ్యాక గాదె కనపడుతుంది, లోపల గింజ ఉండదు. నా బోర్డులు మాట్లాడేది ఎమ్‌క్యూటీటీ అనే ప్రోటోకాల్. 1999లో యాండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఎడారుల్లో ఆయిల్ పైప్‌లైన్ల మీద నిఘా కోసం, శాటిలైట్ లింకు ఖర్చు తక్కువయ్యేలా చేసింది. అందులో క్యూఓఎస్ సున్నా అని పంపితే "చేరితే చేరింది, లేకపోతే లేదు" అని అర్థం. ర్యాబిట్‌ఎమ్‌క్యూ అలాంటిదాన్ని డిస్క్ మీద నిలిచే మెసేజుగా లెక్కపెట్టదు. క్యూఓఎస్ ఒకటి అని పంపితే పర్సిస్టెంట్ చేస్తుంది. నా రెండు బోర్డుల్లో ఒకదానికి సున్నా, ఒకదానికి ఒకటి పెట్టి ఉంది. ఎందుకంటే ఆ కోడ్‌ని రెండు వేర్వేరు ఉదాహరణల నుంచి ఎత్తుకొచ్చాను.

మూడో పొర కన్ఫర్మ్. బ్రోకర్ "నీ మెసేజ్ తీసుకున్నా, రాసుకున్నా" అని తిరిగి చెప్పే రసీదు. రసీదు వచ్చిందాకా పంపినవాడు తన కాపీని పారెయ్యకూడదు. పోస్టాఫీసులో రిజిస్టర్ పోస్టు రసీదు లాంటిదే. రసీదు లేని ఉత్తరం పోతే పోస్టాఫీసుని అడిగే హక్కు లేదు. కూలిన క్యూని బాగుచేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇదే: దేనికి రసీదు ఇచ్చాం? రసీదు ఇచ్చిన ప్రతిదీ తిరిగి రావాలి. ఇవ్వనిది రాకపోతే అది పంపినవాడి పని, వాడే మళ్లీ పంపాలి. నా బోర్డు రసీదు కోసం ఆగడం లేదు. నీళ్లు కొలిచి, మెసేజ్ విసిరి, మర్చిపోతోంది.

బ్రోకర్ ఈ రసీదు మాట ఎలా నిలబెట్టుకుంటుంది? రాస్తూ ఉండగానే కరెంటు పోతే సగం రాసిన పేజీ మిగులుతుంది కదా. దీనికి జవాబు మా తాతగారి అంగట్లో ఉండేది. చిట్టా, ఆవర్జా. అంగట్లో బేరం జరగ్గానే ముందు చిట్టాలో రాసేవాళ్లు, జరిగిన వరసలో, ఒకదాని కింద ఒకటి. రాత్రి కూర్చుని దాన్ని ఆవర్జాలో మనిషి మనిషికీ ఖాతాల్లోకి ఎక్కించేవాళ్లు. ఆవర్జా సగం ఎక్కించాక దీపం ఆరిపోయినా భయం లేదు, చిట్టా ఉంది. ఎక్కడిదాకా ఎక్కిందో చూసుకుని మిగతాది ఎక్కిస్తారు. కంప్యూటర్ వాళ్లు దీన్నే రైట్-ఎహెడ్ లాగ్ అంటారు. అసలు చోట మార్చేముందు లాగ్‌లో రాయి, లాగ్ డిస్క్ చేరిందని తేలాకే రసీదు ఇవ్వు.

ఈ పద్ధతిని పూర్తి శాస్త్రంగా రాసినవాళ్లలో ముఖ్యుడు మనకి దగ్గరివాడే. ఐఐటీ మద్రాసులో చదివి ఐబీఎమ్‌లో పనిచేసిన సి. మోహన్. 1992లో ఆయనా సహచరులూ ప్రచురించిన ఏరీస్ అనే పద్ధతి మన డీబీఎమ్ఎస్ పుస్తకంలో చివరి యూనిట్‌లో ఉంటుంది. చాలామంది ఆ యూనిట్ చాయిస్‌లో వదిలేస్తారు. అందులో మూడు దశలు. కూలినప్పుడు ఏ పని ఎక్కడ ఉందో లాగ్ చదివి తెలుసుకోవడం, జరిగినదంతా, చివరికి నిలవని పనులతో సహా, ఉన్నది ఉన్నట్టు మళ్లీ జరిపించడం, ఆ తర్వాత పూర్తికాని వాటిని వెనక్కి తీసెయ్యడం. నాకు ఆశ్చర్యం కలిగించింది రెండోదే. ఎలాగూ తీసెయ్యబోయే పనిని కూడా ముందు మళ్లీ చేయిస్తుంది. కూలిన క్షణానికి పుస్తకం ఎలా ఉందో అచ్చం అలా తెచ్చుకుంటేనే, తీసెయ్యాల్సింది సరిగ్గా తీసెయ్యగలం.

కాఫ్కాలో ఇది ఇంకా సూటిగా కనపడుతుంది, ఎందుకంటే అక్కడ చిట్టానే సర్వస్వం. (అవును, ఆ రచయిత పేరే. లింక్డిన్‌లో దాన్ని తయారుచేసిన వాళ్లలో ఒకడైన జే క్రెప్స్, ఇది రాయడానికి అనువైన సిస్టమ్ కాబట్టి రచయిత పేరు పెట్టా అన్నాడు. సాహిత్య క్లబ్ పత్రికలో క్యూల గురించి రాసినందుకు ఇదే నా సాకు.) సరిగ్గా ఆపకుండా కూలిపోతే, మళ్లీ లేచేటప్పుడు కాఫ్కా చిట్టాలో చివరి భాగాన్ని ఒక్కో కట్టగా చదువుతూ చెక్‌సమ్ సరిపోతుందా అని చూస్తుంది. ఎక్కడ సరిపోలేదో అక్కడితో కత్తిరించేస్తుంది. సగం రాసిన మాట కంటే రాయని మాట నయం అన్నమాట. అయితే కాఫ్కా మామూలుగా ప్రతి మెసేజ్‌నీ అప్పటికప్పుడు డిస్క్ దాకా తొయ్యదు. ఇంకో రెండు మెషీన్లలో కాపీలున్నాయి కదా అన్న ధీమా. ఆ ధీమా మూడు మెషీన్లూ మూడు చోట్ల ఉన్నప్పుడే పనికొస్తుంది. మూడూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు మూడూ కలిసే పోతాయి. మా షెడ్డులో మూడు పైలు పెడదామని నేను వేసుకున్న ప్లాను అక్కడితో ఆగిపోయింది.

డిసెంబర్లో మళ్లీ వాన, మళ్లీ కరెంటు ఆటలు, మళ్లీ పెట్టె పడుకుంది. ఈసారి డిలీట్ జోలికి పోలేదు. ఏం చేశానో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది ఎక్కడైనా పనికొస్తుంది.

ముందు దేన్నీ రీస్టార్ట్ చెయ్యలేదు. ఊరికే మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తుంటే పాడవుతున్న కార్డు ఇంకా పాడవుతుంది, లేవబోయిన ప్రతిసారీ ప్రోగ్రాము ఏదో ఒకటి రాస్తుంది కాబట్టి. కార్డు బయటికి తీసి లాప్‌టాప్‌లో పెట్టి డీడీరెస్క్యూ అనే టూల్‌తో మొత్తం కార్డుకి ఒక అచ్చు తీశాను. అది చదవగలిగినవన్నీ ముందు చదివేసుకుని, చదవలేని చోట్లకి తర్వాత మళ్లీ వస్తుంది. ఇక ఏ ప్రయోగమైనా ఆ అచ్చుకి తీసిన ఇంకో కాపీ మీదే. అసలు కార్డుని కవర్లో వేసి పైన తేదీ రాసి పక్కన పెట్టా.

తర్వాత లాగ్ చదివాను. నిజంగా చదివాను, నాలుగు పదాలు వెతకడం కాదు. సగం కేసుల్లో డేటాకి ఏమీ అయి ఉండదు. డిస్క్ నిండిపోయి ఉంటుంది అంతే. ర్యాబిట్‌ఎమ్‌క్యూ ఖాళీ చోటు ఒక హద్దు కిందికి పడితే, మామూలుగా అది 50 ఎంబీ, పంపేవాళ్లందర్నీ ఆపేస్తుంది. బయటికి చూస్తే బిగుసుకుపోయినట్టు కనపడుతుంది. అలాంటప్పుడు పాత లాగ్ ఫైళ్లు తీసేస్తే చాలు. దానికి డేటా ఫోల్డర్ డిలీట్ చేసేవాళ్లు ఉన్నారు. క్లస్టర్ అయితే ఇంకో తమాషా. మిగతా నోడ్ల కంటే ముందు ఆగిపోయిన నోడ్, లేచాక వాటి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, తనకి తెలియని కొత్త సంగతులు వాటి దగ్గర ఉండొచ్చని. దాన్ని చూసి చచ్చిందనుకోకూడదు. ఆఖర్న ఆగినదాన్ని ముందు లేపాలి.

నా కేసులో కార్డే పోతోంది. కొత్త కార్డు కొన్నాను, ఓఎస్ వేశాను, ర్యాబిట్‌ఎమ్‌క్యూ వేశాను, పాత డేటా ఫోల్డర్ తెచ్చి అదే చోట పెట్టాను. స్టార్ట్ చేశాను. చక్కగా లేచింది. క్యూలు సున్నా, మెసేజులు సున్నా.

రాత్రి తొమ్మిదిన్నర. గంటన్నర అలాగే కూర్చున్నా. చివరికి ఫోల్డర్ పేర్ల మీద కన్ను పడింది. ర్యాబిట్‌ఎమ్‌క్యూ తన డేటాని నోడ్ పేరుతో దాస్తుంది, నోడ్ పేరులో కంప్యూటర్ హోస్ట్ పేరు ఉంటుంది. పాత పై పేరు నేను పెట్టుకున్నది. కొత్త ఓఎస్ దాని మామూలు పేరుతో లేచింది. కాబట్టి ర్యాబిట్‌ఎమ్‌క్యూ "నేనెవరో కొత్తవాణ్ణి" అనుకుని కొత్త ఖాళీ ఫోల్డర్ చేసుకుంది. పాత ఫోల్డర్ పక్కనే ఉంది, ముట్టుకోలేదు. పేరు మారిస్తే వారసత్వం చెల్లదన్నమాట, పట్టాదారు పాసుపుస్తకంలో తప్పు పేరు పడినట్టు. హోస్ట్ పేరు పాతది పెట్టి రీస్టార్ట్ చేశాను. అలర్టుల క్యూలో 312 మెసేజులు. రీడింగుల క్యూ కూడా నిండుగా ఉంది. అరవబోయి ఆగాను, ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు.

ఈ వ్యాసం ఇక్కడితో ఆపితే నేను గెలిచినట్టు ఉంటుంది. 

అర్ధరాత్రి బైక్ మీద పోయి పెట్టె బిగించి వచ్చాను. ఎస్సెమ్మెస్ పంపే ప్రోగ్రాము క్యూకి తగిలింది. ఒక్కో మెసేజ్ తీసి పంపడం మొదలెట్టింది. నిన్న రాత్రి 1:10కి ఆక్సిజన్ 3.8. నిన్న రాత్రి 1:12కి 3.8. నిన్న రాత్రి 1:14కి 3.7. నిన్నటివన్నీ, వరసగా, ఒక్కటీ పోకుండా. మెసేజులో టైము నేను రాయలేదు, ఎప్పుడొస్తే అప్పటిదే కదా అనుకున్నా. కాబట్టి మామకి కనపడింది "ఆక్సిజన్ తక్కువ" అనే మాట మాత్రమే. మొదటిది రాగానే లేచి గుంట దగ్గరికి పరిగెత్తాడు. చేతి మీటర్ పెట్టి చూస్తే 5 పైన ఉంది. ఫోను మోగుతూనే ఉంది. ఇరవయ్యో ముప్పయ్యో చూసి, ఫోను సైలెంట్‌లో పెట్టి పడుకున్నాడు.

ఆ తెల్లవారుజామున 4:40కి ఒక ఏరియేటర్ మోటారు కాలింది. ఈసారి నిజంగా ఆక్సిజన్ పడింది, నిజమైన అలర్టు పోయింది. సైలెంట్‌లో ఉన్న ఫోనుకి. రొయ్యలు గట్టు వారకి వచ్చి తేలుతుంటే కాపలా అతను టార్చి వేసి చూసి కేకలు పెట్టాడు. జనరేటర్ మీద పాత ఏరియేటర్ ఒకటి తగిలించి గండం దాటించారు. రెండు తట్టల రొయ్యలు పోయాయి.

"నీ పెట్టె రాత్రంతా కూసింది గదరా," అన్నాడు మామ. "కూసి కూసి, అసలు కూయాల్సినప్పుడు నన్ను నిద్రపుచ్చింది."

సాఫ్ట్‌వేర్ లెక్కలో నా రికవరీ నూటికి నూరు. ఒక్క మెసేజ్ పోలేదు, వరస తప్పలేదు. గుంట లెక్కలో మొదటిసారి కంటే ఎక్కువ నష్టం.

తర్వాత కోడ్ చూస్తే ఇంకో గండం కొంచెంలో తప్పిందని తెలిసింది. ఒక ఏరియేటర్‌కి రిలే పెట్టి ఫోన్‌తో నడిపిద్దామని మొదలెట్టాను, పగటిపూట ప్రయోగాలకి మాత్రం. దానికి నేను పంపే కమాండు "మార్చు". ఆగి ఉంటే తిరుగుతుంది, తిరుగుతుంటే ఆగుతుంది. క్యూ కూలి లేచినప్పుడు, అందుకున్నవాడు "అందింది" అని చెప్పేలోపు పోయిన మెసేజులన్నిటినీ బ్రోకర్ మళ్లీ ఇస్తుంది. ఇది దాని తప్పు కాదు, పోవడం కంటే రెండుసార్లు ఇవ్వడం మేలని అలా చేశారు. ర్యాబిట్‌ఎమ్‌క్యూ దాని మీద "ఇది మళ్లీ ఇస్తున్నది" అని గుర్తు కూడా వేస్తుంది. కానీ "మార్చు" రెండుసార్లు అందితే? తిరుగుతున్న ఏరియేటర్ ఆగుతుంది. "తిరుగుతూ ఉండు" అని చెప్తే నాలుగుసార్లు అందినా నష్టం లేదు. ఒక్క మాట తేడా. ఇప్పుడు ప్రతి మెసేజ్‌కీ ఒక ఐడీ ఉంది, చూసిన ఐడీ మళ్లీ వస్తే పక్కన పడేస్తుంది. చదవగానే ప్రోగ్రాముని కూలగొట్టే మెసేజులు కూడా ఉంటాయి. అవి క్యూలోకి తిరిగొచ్చి, మళ్లీ కూలగొట్టి, మళ్లీ వస్తాయి. కొన్ని ప్రయత్నాల తర్వాత వాటిని వేరే క్యూలోకి తోసెయ్యాలి.

పాత అలర్టుల సమస్యకి దారి చూపించింది డాక్యుమెంటేషన్ కాదు, పేపర్లో తుఫాను వార్త.

తుఫాను పట్టినప్పుడు "కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని చదువుతుంటాం కదా. 1864లో ఒక తుఫాను కలకత్తానీ, ఇంకోటి మచిలీపట్నాన్నీ ముంచేశాక, రేవుల్లో ఇలాంటి హెచ్చరికలు మొదలయ్యాయి. వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. పోర్టు కొయ్య మీద పగలు గుర్తులు, రాత్రి దీపాలు. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు. ఒకటి, రెండు దూరంగా సముద్రంలో ఉన్నదాని గురించి. మూడు, నాలుగు రేవుకే గాలివాన తగలొచ్చని. అయిదు నుంచి ఏడు ప్రమాదం. ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం.

దీన్ని క్యూ చదువుకున్న కళ్లతో చూడండి. పడవవాడు రెండు రోజులు సముద్రంలో ఉండి రేవుకొస్తే, ఈ రెండు రోజుల్లో ఎగరేసిన గుర్తులన్నీ వరసగా చూపించరు. ఇప్పుడు కొయ్య మీద ఉన్నది ఒక్కటే చూస్తాడు. పాతది దింపేశారు. కొన్ని మెసేజులు జరిగిన సంగతులు, అవి ఒక్కటీ పోకూడదు. కొన్ని మెసేజులు ఇప్పటి స్థితి, వాటిలో చివరిదే కావాలి, పాతవి ఇస్తే అబద్ధం చెప్పినట్టే. నేను రెండిటినీ ఒకే గాదెలో పోశాను. ఎమ్‌క్యూటీటీలో కొయ్య మీది గుర్తు లాంటిది ఉంది, రిటెయిన్డ్ మెసేజ్ అంటారు. కొత్తగా ఎవరొచ్చి అడిగినా చివరిది ఒక్కటే ఇస్తారు. అలర్టులకేమో గడువు పెట్టొచ్చు. పది నిమిషాలు దాటిన అలర్టుని క్యూ తనే పారేస్తుంది.

ఇక పదకొండో నంబరు. అది గాలి గురించి కాదు, వాన గురించీ కాదు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చెడేలా ఉందని ఇక్కడి అధికారి అనుకుంటున్నాడు అని దాని అర్థం. అంటే, మెసేజులు రావడం లేదు అని చెప్పే మెసేజ్. ఇది చదివాక నాకు కాసేపు వేరే పని చెయ్యబుద్ధి కాలేదు. నా పెట్టె మాట్లాడకపోతే మామ ఏమనుకునేవాడు? ఆక్సిజన్ బాగుందని. అలర్టు రాలేదంటే అంతా బాగుందనీ అర్థం కావచ్చు, పెట్టె చచ్చిందనీ కావచ్చు. ఆ రెండిటికీ తేడా చూపించేది నేను ఏమీ పెట్టలేదు.

2021 నవంబరులో వరదకి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు హైవే తెగింది. అటు విజయవాడ బాగానే ఉంది, ఇటు చెన్నై బాగానే ఉంది, మధ్యలో దారే లేదు. నెట్‌వర్క్ తెగడం అంటే ఇదే. రెండు వైపులా బతికే ఉంటారు, కానీ అవతలివాడు బతికున్నాడో లేదో ఎవరికీ తెలియదు. అందుకే చనిపోయినవాడే తన చావు కబురు చెప్పాలని చూడకూడదు. ఆ పని ఇంకెవరికైనా, వేరే దారిలో ఉన్నవాళ్లకి అప్పగించాలి.

ఇప్పుడున్న ఏర్పాటు ఇది. పెట్టె ప్రతి రెండు నిమిషాలకీ "ఉన్నా" అని బయటికి ఒక మాట పంపుతుంది. నెల్లూరులో మా ఇంట్లో పాత ఫోను ఒకటి, వేరే కంపెనీ సిమ్ముతో, ఆ మాట కోసం చూస్తూ ఉంటుంది. పది నిమిషాలు వినపడకపోతే మామకి ఎస్సెమ్మెస్ పంపుతుంది, ఒక్కటే. అందులో ఉండేది ఒక అంకె: 11. మామకి వివరించాల్సిన అవసరం రాలేదు, రేవు నంబర్లు ఆయనకి నాకంటే బాగా తెలుసు. రీడింగులు డ్యూరబుల్ క్యూలో, పర్సిస్టెంట్‌గా, కన్ఫర్మ్‌తో పోతాయి, కూలితే ఒక్కటీ పోకూడదు కాబట్టి. అలర్టులకి పది నిమిషాల గడువు, లోపల కొలిచిన టైము. కూలి లేచాక మొదట మామకి పోయేది ఒకే సారాంశం: ఎప్పటి నుంచి ఎప్పటిదాకా పెట్టె లేదు, ఆ మధ్యలో కనిష్ఠం ఎంత. పేరూ అమరికలూ విడిగా ఫైలుగా తీసి లాప్‌టాప్‌లో ఉంచా. నెలకోసారి గుంట ఒడ్డున అందరూ మేలుకుని ఉన్న పగటిపూట, కావాలనే ప్లగ్ పీకి చూస్తాను. మొదటిసారి పీకినప్పుడు మామ "బాగుండేదాన్ని ఎందుకురా చంపతా ఉండావు" అన్నాడు.

జనవరిలో ఒక రాత్రి రెండున్నరకి 11 పోయింది. నేను హాస్టల్లో నిద్రలో ఉన్నా. మూడింటికి మామ ఫోను. గుండె ఆగినంత పనైంది.

"పోయి చూసొచ్చా అబ్బయా. ఏరియేటర్లు నాలుగూ తిరగతా ఉండాయి, మీటర్ పెడితే 4.9. నీ పెట్టె వైరు ఎలుక కొరికింది. పెట్టె చచ్చింది, రొయ్యలు బతికే ఉండాయి. పొడుకో."